కుర్చీలో ఇద్దరు

వేదాద్రి మాస్టారిని ఏదైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాడి చేతిలో ఏదో ఒక పని పెట్టేవారు. ఆ అంధుల శిక్షణాలయంలో పదకొండేళ్ళు స్టోరు గుమాస్తాగా ఉన్నాను కాబట్టి ఈ వైద్యం నాకూ కొన్నిసార్లు జరిగింది. "మాస్టారూ, చూపు లేకపోతే ఎలా ఉంటుందండీ?" అని ఒకసారి అడిగిన పాపానికి, కళ్ళు మూయించి గంటసేపు నాచేత మినప్పప్పులో రాళ్ళు ఏరించారు. మళ్ళీ ఆ ప్రశ్న నేను అడగలేదు. త్రినాథ్ అనే కుర్ర ఇన్‌స్ట్రక్టరు అడిగిన ప్రశ్నకు ఆయన పెట్టిన పని మాత్రం ఇంకా గడుసుది.

ముందు ఆ చోటు సంగతి చెప్పాలి. చీపురుపల్లి దాటాక రోడ్డు పక్కన ఒక పెంకుల షెడ్డు, దాని వెనక హాస్టలు, నలభైమంది విద్యార్థులు. పొద్దున చదువు, మధ్యాహ్నం చేతిపని. ఆఫీసుల్లో కూర్చుని కూర్చుని చిరిగిపోయిన బెత్తపు కుర్చీలు మా దగ్గరికి వచ్చేవి. మావాళ్ళు పాత అల్లిక తీసేసి కొత్తది అల్లి పంపేవారు. మాస్టారికి ఏడో ఏట అమ్మవారు పోసి చూపు పోయింది. అరవై ఆరేళ్ళ వయసులో కూడా రోజూ అందరికంటే ముందు షెడ్డులోకి వెళ్ళి, ఒక్కొక్క కుర్చీ మీద అరచెయ్యి వేసుకుంటూ నడిచేవారు, కొట్టంలో దూడల వీపులు నిమిరినట్టు.

ఆ షెడ్డుకు రెండు నియమాలు. మొదటిది, తలుపు తెరిస్తే బార్లా తెరవాలి, వేస్తే గట్టిగా వేయాలి. సగం తెరిచిన తలుపు అంచు, చెయ్యి చాచి వచ్చేవాడి చేతికి దొరకదు, నుదుటికి దొరుకుతుంది. రెండోది, ఒకరి అల్లికను ఇంకొకరు విప్పకూడదు, అల్లకూడదు. సాయంత్రం గంట కొట్టాక ఎవరి కుర్చీ మీద వాళ్ళు బొటనవేలు నడిపి తప్పులు వెతుక్కోవాలి. దొరికిన తప్పును గుర్తుపెట్టుకుని వెళ్ళాలిగాని అప్పుడే విప్పకూడదు. సాయంత్రానికి బెత్తం ఎండి పెళుసెక్కి ఉంటుంది, కదిపితే విరుగుతుంది. పొద్దున్నే నీళ్ళు చిలకరించి, మెత్తబడ్డాక విప్పి సరిచేసుకోవాలి.

త్రినాథ్ మా దగ్గరికి అసిస్టెంటు ఇన్‌స్ట్రక్టరుగా వచ్చేనాటికి ఇరవై మూడేళ్ళవాడు. మేదరుల ఇంట పుట్టినవాడు. వెదురూ బెత్తమూ అతని చేతుల్లో ఆడుకున్నాయి. చూపున్నవాడు, మెత్తని మనసువాడు. వచ్చిన మొదటి రోజే షెడ్డు తలుపు సగం తెరిచి వదిలాడు. మాస్టారు వచ్చి నుదురు చిట్లగొట్టుకున్నారు. పాపం, ఆ పిల్లవాడు ఏడుపు మొహం పెట్టుకుని పసుపు కోసం వంటగదికి పరిగెత్తాడు. మాస్టారు నుదుటి మీద చెయ్యి అదిమిపెట్టుకుని, "తెరిస్తే పూర్తిగా తెరువు నాయనా, లేదా పూర్తిగా వెయ్యి. సగం తలుపు మాకు గోడకంటే చెడ్డది" అన్నారు. దెబ్బ మానిందిగాని మచ్చ ఉండిపోయింది.

ఇక పైడితల్లి. భోగాపురం వైపు సముద్రపొడ్డున ఒక పల్లె ఆమెది. పుట్టుకతోనే చూపు లేదు. అన్నావదినలు ఆమెను పొద్దున అరుగు మీద కూర్చోబెట్టేవారు, సాయంత్రం లేపి లోపలికి తీసుకుపోయేవారు. చెడ్డవాళ్ళేమీ కారు, ఆమెకు ఏదైనా చేతనవుతుందని వాళ్ళకు తోచలేదు, అంతే. పదహారేళ్ళు అలా గడిచాక ఎవరో చెబితే మా దగ్గర చేర్చారు. మూడేళ్ళలో మనిషే మారిపోయింది. తన జడ తనే వేసుకునేది, తన అన్నం తనే వడ్డించుకునేది, షెడ్డు దద్దరిల్లేలా నవ్వేది. ఎవరైనా చెయ్యి పట్టుకుని నడిపించబోతే, "నాకు కాళ్ళున్నాయి కదేటి?" అని విడిపించుకునేది. ఆ వేసవిలో పక్క జిల్లా నుంచి ఒక కబురు వచ్చింది. అక్కడ ఆడపిల్లల హాస్టలు కొత్తగా తెరుస్తున్నారు, చేతిపని టీచరు కావాలి. పరీక్షకులు మా షెడ్డుకే వచ్చి, ఖాళీ చట్రం ఇచ్చి, రెండు రోజుల్లో తమ ఎదుట కుర్చీ అల్లిస్తారు. నెగ్గితే ఉద్యోగం, ఉండడానికి గది. నెగ్గకపోతే పరీక్ష జరిగే నెలాఖరుతో ఆమె శిక్షణ గడువు అయిపోతుంది, మళ్ళీ ఆ అరుగే. ఈ మాట ఆమె నోటితో అనలేదుగాని మా అందరికీ తెలుసు.

ఆమె పనిలో ఒకే ఒక్క లోపం. నిలువు బద్దలూ అడ్డ బద్దలూ అల్లాక ఐమూలగా బద్దలు వేస్తారు. ఐమూల బద్ద నిలువుదానికి పైనుంచి, అడ్డందానికి కిందినుంచి పోవాలి. చట్రం మూల నుంచి మూడో రంధ్రం దగ్గరికి వచ్చేసరికి పైడితల్లి చెయ్యి ఒక్కోసారి తడబడేది. పైన పోవలసింది కింద పోయేది. త్రినాథ్‌కు ఆ తప్పు మూడు గజాల దూరం నుంచే కనిపించేది. పరీక్ష ఇంకా మూడు వారాలుంది. రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడో నాడు సాయంత్రం అందరూ వెళ్ళాక నా దగ్గర దబ్బనం తీసుకుని, నీళ్ళు చల్లి, ఆ బద్ద విప్పి, సరిగ్గా వేసి, దబ్బనం తిరిగిచ్చి వెళ్ళిపోయాడు. ఆ మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. నేను చూస్తూనే ఉన్నాను. నియమం తప్పుతున్నాడని తెలుసు. కాని ఇంత మంచి పని చేసే కుర్రవాడి మీద చాడీలు చెప్పడమేమిటని నోరు కుట్టేసుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ పుణ్యంలో నాకూ కాస్త వాటా ఉందని మురిసిపోయాను కూడా.

వారం తిరగకముందే ఒక పొద్దున మాస్టారు పైడితల్లి కుర్చీ దగ్గర ఆగిపోయారు. అరచెయ్యి ఒకసారి నడిపారు, మళ్ళీ నడిపారు. "జగ్గారావూ, ఈ కుర్చీలో ఇద్దరున్నారు" అన్నారు. "అలాగాండీ?" అన్నాను, ఏమీ ఎరగనట్టు. ఆయన చెయ్యి పక్క కుర్చీ మీదికి జరిగింది.

ఆ మధ్యాహ్నమే త్రినాథ్ తన ప్రశ్న తీసుకుని ఆయన దగ్గరికి వచ్చాడు. మాస్టారి బల్ల నా స్టోరు గదికి ఆనుకునే ఉండేది కాబట్టి ప్రతి మాటా విన్నాను.

"మాస్టారూ, ఒకరి పని ఇంకొకరు ముట్టకూడదన్నారు. నేను కళ్ళున్నవాణ్ణి. ఎదురుగా తప్పు కనిపిస్తుంటే చూస్తూ చూస్తూ ఎలా వదిలెయ్యమంటారండీ? అది దయ లేకపోవడం కాదా?"

"నువ్వు నేర్చుకుంటున్న బ్రెయిలీ ఎంతవరకు వచ్చింది?" అని అడిగారు మాస్టారు.

"అక్షరాలు, గుణింతాలు అయ్యాయండీ."

"అయితే రోజూ సాయంత్రం ఒక పేజీ రాయి. రాశాక చేతుల మీద తువ్వాలు కప్పుకుని వేళ్ళతో చదువుకో. తప్పులు ఏ వరసలో ఉన్నాయో గుర్తుపెట్టుకుని పేజీ నా బల్ల మీద పెట్టి వెళ్ళు. పొద్దున వచ్చి వేలితో నాకు చూపించు. కళ్ళతో మాత్రం చూడకు."

"నేనడిగింది కుర్చీల సంగతండీ."

"విన్నాను. కాగితాలు జగ్గారావు ఇస్తాడు."

త్రినాథ్ ఆ సాయంత్రం పేజీ రాశాడు. తువ్వాలు కింద వేళ్ళు నడిపి, "అయిదో వరసలో ఒక చుక్క ఎక్కువ పొడిచానండీ" అని నాతో చెప్పి, పేజీ బల్ల మీద పెట్టి వెళ్ళాడు. అతను వెళ్ళాక మాస్టారు వచ్చి కూర్చున్నారు. పేజీ అంతా తడిమి, అయిదో వరస దగ్గర ఆగి, ఆ ఎక్కువ చుక్కను బొటనవేలి గోటితో మెల్లగా అణిచేశారు. ఇంకోచోట ఒక చుక్క తక్కువైతే కాగితాన్ని బ్రెయిలీ పలకలో బిగించి పొడిచారు. తర్వాత నా గది వైపు తిరిగి, "నువ్వు చూడలేదు" అన్నారు. ఒకరి గుట్టు దాచినవాడికి రెండోది పెద్ద బరువు కాదనుకున్నాను. చాలా బరువేనని త్వరలోనే తెలిసింది.

మర్నాడు పొద్దున త్రినాథ్ వేలు అయిదో వరస మీద అటూ ఇటూ తిరిగింది. తప్పు దొరకలేదు. మాస్టారు కూడా తడిమి, "ఏదీ? బాగానే ఉందే" అన్నారు. త్రినాథ్ సంతోషపడ్డాడు. రెండో రోజూ అలాగే జరిగింది, అప్పుడూ సంతోషపడ్డాడుగాని కొంచెం తక్కువ. మూడో రోజుకు సంతోషం పోయింది. సాయంత్రం మూడు తప్పులున్నాయని లెక్కపెట్టుకుని వెళితే పొద్దున ఒక్కటీ ఉండేది కాదు. నాలుగో రోజు ఒక్కో వరసా పదేసిసార్లు తడిమాడు. తప్పు ఉన్నచోట లేదనీ, లేనిచోట ఉందనీ అనిపించడం మొదలైంది. రాతలో తప్పులు ఇంకా ఎక్కువయ్యాయి. "జగ్గారావు గారూ, నా వేళ్ళు మొద్దుబారిపోయాయేమోనండీ. బెత్తం పని చేసిన చేతులు కదా, ఇక నాకీ చదువు రాదేమో" అన్నాడు నా దగ్గరికి వచ్చి, మొహం పీక్కుపోయి. కళ్ళు దించుకుని మర్నాటి కాగితం అతని చేతిలో పెట్టాను.

అయిదో రోజు పొద్దున మాస్టారు ఎప్పటిలాగే "బాగుంది" అనగానే, త్రినాథ్ తువ్వాలు లాగి అవతల పారేసి కాగితాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. అణిగిన చుక్క చోట గోటి గీత, బియ్యపు గింజంత. ఒకటి కాదు, నాలుగున్నాయి.

"మీరు దిద్దుతున్నారా?"

"దిద్దుతున్నాను" అన్నారు మాస్టారు.

"ఎందుకండీ?"

"మంచి కుర్రాడివి, కష్టపడుతున్నావు. పొద్దున్నే తప్పులు చూసుకుని చిన్నబుచ్చుకోవడం ఎందుకని."

"నాకు చెప్పొచ్చు కదండీ!" త్రినాథ్ గొంతు పెద్దదైంది. మాస్టారి ఎదుట అతను అలా మాట్లాడడం అదే మొదలు. "అయిదు రోజులుగా నా వేళ్ళు నాకు పనికిరావనుకుంటున్నాను. సాయంత్రం ఉందన్నది పొద్దున లేదంటే నేను దేన్ని నమ్ముకోవాలి? ఇవాళ తువ్వాలు తీసి చూసుకున్నాను కాబట్టి సరిపోయిందిగాని, లేకపోతే..."

మాట అక్కడ ఆగిపోయింది.

"నువ్వు తువ్వాలు తీసి చూసుకున్నావు. ఆ పిల్ల ఏం తీసి చూసుకుంటుంది?" అన్నారు మాస్టారు.

త్రినాథ్ మొహంలో నెత్తురు లేదు. నేను నా రిజిస్టరులో తల పెట్టేశాను. ఆ ప్రశ్న నాకు కూడా అని తెలియనంత మొద్దును కాను.

ఆ మధ్యాహ్నం చేతిపని వేళకు నేనూ అతని వెనకే షెడ్డులోకి వెళ్ళాను. పైడితల్లి కుర్చీ ముందు కూర్చుని ఉంది, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆమె నవ్వు విని వారం దాటిందని. పక్కపిల్లలను పిలిచి "ఇక్కడోసారి సూడవే, సరిగ్గా ఉందా?" అని అడగడం రెండు మూడుసార్లు విన్నాను కూడా. పరీక్ష భయం కాబోలు అనుకుని ఊరుకున్నాను. అందరూ వింటుండగానే త్రినాథ్ చేసినదంతా చెప్పేశాడు. దాచలేదు, నన్ను ఇరికించనూ లేదు. దబ్బనం ఇచ్చింది నేనేనని నేనే చెప్పుకోవలసి వచ్చింది.

పైడితల్లి తన బొటనవేలిని ఒకసారి నిమురుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "మూడో రంధ్రం కాడ గడ్డలాగ తగిలేది. పొద్దున్న ఇప్పుదామని నీళ్ళు సల్లి సూస్తే ఉండేది కాదు. నాకేటయిపోనాదో అనుకున్నాను సారూ. ఈ వేలు తప్ప నాకింకేటుంది? ఇదే అబద్ధాలాడతంటే ఉద్యోగమేటి, పరీచ్చేటి, అరుగు మీద కూకోడమే నయమనుకున్నాను."

"తప్పయిపోయింది పైడితల్లీ" అన్నాడు త్రినాథ్.

"అయితే నా వేలు మంచిదే!" అంది ఆమె. ఆ మాట ముచ్చటగా మూడుసార్లు అంది. మూడోసారికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. కళ్ళు తుడుచుకుని, గొంతు సరిచేసుకుని, "మీరు సానా మంచోరు సారూ. ఇంకెప్పుడూ అంత మంచి పని సెయ్యకండి" అంది. షెడ్డంతా గొల్లున నవ్వింది. "ఇప్పుడు సెప్పండి, ఈ కుర్చీలో ఎన్ని సోట్ల ముట్టుకున్నారు?"

"ఆరు."

ఆమె బొటనవేలు అల్లిక మీద నడిచింది. ఒక్కోచోట ఆగి, "ఇది మీది... ఇదీ మీదే" అని లెక్కపెట్టింది. త్రినాథ్‌ది మేదర చెయ్యి, బద్దను బిగించి లాగుతుంది. ఆమెది కొంచెం వదులు పట్టు. ఆ తేడా ఆమె వేలికి తెలుస్తోంది. ఆరు అయ్యాయి. ఇంకోచోట ఆగి, "ఏడు" అంది. త్రినాథ్ కాదన్నాడు. ఒట్టు వేయబోయాడు కూడా. వంగి చూసి మొహం ఎర్రబడి, "అవును, నాదే. మర్చిపోయాను" అన్నాడు. ఆ క్షణంలో ఆ పిల్ల మొహం చూడవలసింది. ఏడు చోట్లా విప్పేసి తనే మళ్ళీ అల్లుకుంది.

పరీక్ష రోజు వచ్చింది. ఇద్దరు పరీక్షకులు, కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దమనిషి, ఒక నడివయసు ఆవిడ. మొదటి రోజు నిలువూ అడ్డమూ చక్కగా అయ్యాయి. రెండో రోజు మధ్యాహ్నం ఐమూల బద్దలు వేస్తుండగా, సరిగ్గా ఆ మూల దగ్గర, మూడో రంధ్రం కాడ, బద్ద పైన పోవలసింది కింద పోయింది. పరీక్షకులు చూడలేదు. త్రినాథ్ చూశాడు. ఎక్కడ చూడాలో తెలిసినవాణ్ణి కాబట్టి నేనూ చూశాను. ఆమె అదేమీ ఎరగకుండా ఇంకో బద్ద వేసింది, ఇంకోటి వేసింది. ఒక్క చిన్న దగ్గు దగ్గితే చాలు, ఆమెకు అర్థమైపోతుంది. త్రినాథ్ పెదవి కొరుక్కుంటూ చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. చేతివేళ్ళు ఒకదాన్నొకటి పిసికేసుకుంటున్నాయి. అరగంట గడిచింది. ఎనిమిది బద్దలు పడ్డాయి. దేవుడా, ఈ పిల్లను మళ్ళీ ఆ అరుగు మీదకు పంపకు అని ఊళ్ళో ఉన్న దేవతలందరికీ మొక్కుకున్నాను.

పైడితల్లి ఆగింది. చెయ్యి తుడుచుకుని బొటనవేలు మూల నుంచి నడిపింది. మూడో రంధ్రం దగ్గర వేలు నిలిచింది, వెనక్కి వచ్చి మళ్ళీ వెళ్ళింది. "కొంచెం నీళ్ళు" అని అడిగింది. చిలకరించి, మెత్తబడేదాకా తొందరపడకుండా కూర్చుని, ఎనిమిది బద్దలూ ఒక్కటొక్కటే విప్పింది.

"ఎందుకమ్మా విప్పుతున్నావు? తప్పుందని ఎవరైనా చెప్పారా?" అని పరీక్షకుల్లోని ఆవిడ ఆశ్చర్యంగా అడిగారు.

"నా వేలు సెప్పినాదండి" అంది పైడితల్లి.

సాయంత్రం గంటకు ఇంకా కొద్దిసేపు ఉందనగా చివరి అంచు కట్టు కట్టి లేచి నిలబడింది. కళ్ళజోడు పెద్దమనిషి ఆ కుర్చీలోనే కూర్చుని కాగితాలు రాసుకున్నారు.

పద్దెనిమిది రోజులకు ఉత్తరం వచ్చింది. ఉద్యోగం ఆమెకేనని నేనే చదివి వినిపించాను. సంతోషంలో ఒకే వరస రెండుసార్లు చదివాను. ఆమె వెళ్ళేనాడు అన్న వచ్చాడు. పెట్టె అతను పట్టుకున్నాడు, చెయ్యి మాత్రం ఆమె ఇవ్వలేదు. కర్ర తాటించుకుంటూ బస్సు దాకా తనే నడిచింది. నలభైమందీ రోడ్డు మీద నిలబడి బస్సు చప్పుడు వినిపించకుండా పోయేదాకా చేతులు ఊపారు.

అందరూ లోపలికి వెళ్ళాక త్రినాథ్ మాస్టారి పక్కన నిలబడి, "నా ప్రశ్నకు మీరు జవాబే చెప్పలేదండీ. పరీక్షనాడు ఆ అరగంట నేనామెకు ఏమీ చెయ్యలేదు. చేతులు కట్టుకుని ఊరికే నిలబడ్డాను" అన్నాడు.

మాస్టారు నుదుటి మీది మచ్చను వేలితో తడుముకున్నారు. ఆయన నవ్వడం చాలా అరుదు, అప్పుడు నవ్వారు.

"చాటుగా దిద్దిన రోజుల్లో సగమే తెరిచావు. ఆ రోజు తలుపు పూర్తిగా తెరిచావు నాయనా" అన్నారు.